కొత్త మాట నిలవాలంటే ఆ రాత్రి నిద్ర కావాలి

ఆమధ్య ఒక రాత్రి మా చెల్లి ఇంట్లో జరిగిన సంగతి ఇది. దాని కూతురు ఏడో తరగతి చదువుతోంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో సైన్స్ చదివేది తెలుగులో. మర్నాడు పరీక్ష. కిరణజన్య సంయోగక్రియ, పత్రహరితం, పత్రరంధ్రాలు, బాష్పోత్సేకం అంటూ పిల్ల పుస్తకం మూసి ఒక్కో పదం అప్పజెబుతోంది. "బాష్పో..." దగ్గర ఆగిపోయింది. "నై ఆరా ఖాలా" అని నా వైపు దీనంగా చూసింది.

"ఇప్పుడే కదే చెప్పావ్! ఐదు నిమిషాలు కూడా కాలేదు. బుర్ర ఎక్కడ పెట్టావ్?" అని మా చెల్లి కోప్పడింది. అవన్నీ వచ్చేదాకా పడుకునేది లేదని తేల్చేసింది. అప్పటికి టైమ్ పదిన్నర. పన్నెండు దాటాక పిల్ల పుస్తకం మీదే తల వాల్చేసింది. పొద్దున పరీక్షలో ఆ నాలుగు పదాల్లో రెండు రాసి, రెండు వదిలేసి వచ్చింది.

మా చెల్లి ఉద్దేశంలో తప్పు లేదు. పిల్ల చదువు కోసం తనూ నిద్ర మానుకుని పక్కనే కూర్చుంది. కానీ కొత్త పదం మెదడులో నిలబడే పనిలో చాలా భాగం పిల్ల పడుకున్నాకే జరుగుతుందని దానికి తెలియదు. నిజానికి మనలో చాలామందికి తెలియదు. నిద్ర అంటే చదువు ఆగిపోయిన టైమ్ అనే అనుకుంటాం. గత పాతికేళ్లలో జరిగిన పరిశోధనలు చూస్తే సంగతి వేరేగా ఉంది.

'బిస్కల్' అంటే ఏమిటి?

ఏమీ కాదు. అలాంటి మాటే లేదు. ఇంగ్లాండ్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు 'బిస్కట్' అనే మాటను కొద్దిగా మార్చి 'బిస్కల్' అని ఒక దొంగ మాట తయారుచేశారు. ఇలాంటివే మరికొన్ని. వీటిని ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు నేర్పారు. కొందరికి పొద్దున, కొందరికి సాయంత్రం. పన్నెండు గంటల తర్వాత మళ్లీ పరీక్ష పెట్టారు. సాయంత్రం నేర్చుకున్న పిల్లలకు మధ్యలో ఒక రాత్రి నిద్ర దొరికింది. పొద్దున నేర్చుకున్నవాళ్లు రోజంతా మెలకువగానే ఉన్నారు. గడిచిన గంటలు ఇద్దరికీ సమానమే.

నిద్రపోయి వచ్చిన పిల్లలు కొత్త మాటల్ని ముందు రోజుకంటే ఎక్కువగా గుర్తు చేసుకున్నారు. ముందు రోజుకంటే ఎక్కువగా అన్నది గమనించండి. మళ్లీ చదివింది లేదు, మళ్లీ విన్నది లేదు, అయినా పెరిగింది. పగలంతా మెలకువగా ఉన్న పిల్లల్లో సాయంత్రానికి ఆ పెరుగుదల రాలేదు. ఆ రాత్రి పడుకుని లేచాక వాళ్లలోనూ వచ్చింది. ఈ ఫలితాలు 2012లో ప్రచురితమయ్యాయి.

ఇందులో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. అది అర్థం కావాలంటే మనం మాటల్ని ఎలా వింటామో కొంచెం చూడాలి.

ఎవరైనా మీతో "కల..." అని మొదలుపెట్టారనుకోండి. మాట పూర్తి కాకముందే మీ బుర్రలో కలం, కలప, కలత, కలువ, కలహం అన్నీ ఒక్కసారి తలెత్తుతాయి. తర్వాతి అక్షరం వినబడగానే సరిపోనివి తప్పుకుంటాయి, సరైనది మిగులుతుంది. ఈ పోటీ అంతా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది కాబట్టి మనకు తెలియదు. ఈ గుంపులోకి కొత్తగా ఇంకో మాట చేరిందంటే పోటీ పెరుగుతుంది, పాత మాటను పట్టుకోవడానికి అతి కొద్దిగా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కంప్యూటర్‌తో కొలవచ్చు.

కొత్త కోడలి సంగతి గుర్తు చేసుకోండి. మొదటి రోజు ఆమె ఇంట్లోనే ఉంటుంది, అందరికీ పేరు తెలుసు, కానీ అతిథిలాగే ఉంటుంది. వంటింట్లో తన డబ్బాలు పెట్టుకోవడానికి చోటు అడిగి, అత్తగారి డబ్బాలు కొంచెం పక్కకు జరిగిన రోజున ఇంటి మనిషి అయినట్టు. మాట కూడా అంతే. నేర్చుకున్న వెంటనే 'బిస్కల్' అని పిల్లలు తిరిగి చెప్పగలిగారు. కానీ అది 'బిస్కట్'తో పోటీ పడలేదు. అతిథిగానే ఉంది. నిద్ర తర్వాతే పోటీ మొదలైంది, పాత మాటల మధ్య దానికీ చోటు దొరికింది.

పెద్దల్లో ఈ సంగతి ముందే బయటపడింది. గ్యాస్కెల్, డ్యూమే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు రాత్రి ఎనిమిదికి, కొందరు పొద్దున ఎనిమిదికి ఇలాంటి దొంగ మాటలు నేర్చుకున్నారు. రాత్రి నేర్చుకున్నవారిలో పన్నెండు గంటలకే, అంటే మర్నాడు పొద్దునకే పోటీ కనిపించింది. పొద్దున నేర్చుకున్నవారిలో ఆ రాత్రికి లేదు. మర్నాడు పొద్దున చూస్తే ఉంది. మధ్యలో జరిగింది ఒక్కటే, వాళ్లు పడుకుని లేచారు.

చిట్టా, ఖాతా

నిద్రకూ జ్ఞాపకానికీ సంబంధం ఉందని కనిపెట్టి వందేళ్లయింది. 1924లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు, తమ విద్యార్థులు ఇద్దరితో అర్థంలేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టించారు. ఎనిమిది గంటలు నిద్రపోయి లేస్తే సుమారు సగం గుర్తున్నాయి. అవే ఎనిమిది గంటలు మెలకువగా తిరిగితే పదింటిలో ఒకటి మిగిలింది. అయితే అప్పట్లో వాళ్లు చెప్పుకున్న కారణం వేరు. నిద్రలో కొత్త విషయాలేవీ చెవిన పడవు కాబట్టి పాతవి చెదిరిపోవు, అంతే అనుకున్నారు. నిద్ర ఒక దుప్పటిలాంటిది, కప్పి ఉంచుతుంది అన్నమాట. కప్పి ఉంచడమే కాదు, లోపల పని కూడా జరుగుతోందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆ పని అర్థం కావాలంటే పాతకాలం కిరాణా షాపు గుర్తు చేసుకుంటే చాలు. పగలు బేరం జోరుగా ఉన్నప్పుడు షావుకారు ఎవరికి ఏమిచ్చాడో చిట్టాలో గబగబా రాసుకుంటాడు. వరస ఉండదు, వివరం ఉండదు. రాత్రి షట్టర్ దించాక దీపం దగ్గర కూర్చుని చిట్టాలోవి ఒక్కొక్కటే తీసి, ఎవరి ఖాతాలో వారిది ఎక్కిస్తాడు. బేరం నడుస్తుండగా ఆ పని కుదరదు.

మన మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం చిట్టాలాంటిది. చెవుల ఎత్తులో, తల లోపలి వైపు రెండు పక్కలా ఉంటుంది. కొత్త విషయాన్ని వెంటనే పట్టుకుంటుంది. మెదడు పైపొర, అంటే కార్టెక్స్, ఖాతా పుస్తకం. మనకు తెలిసిన వేల మాటలు, వాటి అర్థాలు, ఒకదానితో ఒకటికి ఉన్న చుట్టరికాలు అక్కడ ఉంటాయి. ఖాతా పుస్తకంలో కొత్తది తొందరపడి రాస్తే పాతవి గజిబిజి అవుతాయి. అందుకే నెమ్మదిగా, మళ్లీ మళ్లీ ఎక్కించాలి. మెదడులో ఇలా రెండు ఏర్పాట్లు ఉన్నాయని మెక్‌క్లెలాండ్, ఆయన సహచరులు 1995లో ప్రతిపాదించారు. మాటల విషయంలో ఇదే వివరణ సరిపోతుందని 2009లో డేవిస్, గ్యాస్కెల్ రాశారు.

ఎక్కించే పని నిద్రలో జరుగుతుందనడానికి తొలి ఆధారాల్లో ఒకటి ఎలుకల నుంచి వచ్చింది. ఎలుక పగలు ఒక దారిలో తిరిగినప్పుడు హిప్పోక్యాంపస్‌లో కలిసి పనిచేసిన కణాలే, తర్వాత అది నిద్రపోయినప్పుడు మళ్లీ కలిసి మెరుస్తున్నాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపించారు. పగటి పాఠాన్ని నిద్రలో నెమరువేసుకుంటోందన్నమాట.

మనుషుల్లో తలకు తీగలు అతికించి ఈఈజీ తీస్తే గాఢనిద్రలో పెద్ద పెద్ద నెమ్మది అలలు కనిపిస్తాయి. వాటితోపాటు అప్పుడప్పుడు సెకనుకు 11 నుంచి 16 సార్లు కొట్టుకునే చిన్న చిన్న విద్యుత్ దొంతరలు వస్తాయి. అర సెకనో, ఒకటి రెండు సెకన్లో ఉంటాయి. వీటికి స్లీప్ స్పిండిల్స్ అని పేరు. స్పిండిల్ అంటే నూలు వడికే కదురు. గీతల్లో మధ్యన ఉబ్బి, రెండు చివర్లా సన్నగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు పెట్టారు. 2010లో టామినెన్ బృందం దొంగ మాటలు నేర్చుకున్నవారిని ల్యాబ్‌లో పడుకోబెట్టి ఈ గీతలు తీసింది. ఎవరిలో స్పిండిల్స్ ఎక్కువగా ఉన్నాయో వారిలోనే కొత్త మాటలు పాత మాటల మధ్య బాగా కుదురుకున్నాయి.

చిన్నపిల్లల్లో గాఢనిద్ర పెద్దలకంటే చాలా ఎక్కువ. యుక్తవయసులో తగ్గుతూ వస్తుంది. "చెవి దగ్గర డప్పు కొట్టినా లేవడు" అని మనం నవ్వుకునే ఆ మొద్దు నిద్ర పిల్లవాడి ఖాతా పుస్తకం నిండే సమయం.

మళ్లీ అదే కథ

రెండు మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒక తలనొప్పి ఉంటుంది. నానీ కొత్త కథ చెబుతానంటే వద్దంటారు. నిన్నటి కథే కావాలి, మొన్నటిదే కావాలి. ఒక్క ముక్క మార్చినా ఊరుకోరు. పెద్దవాళ్లకు విసుగు. ఇంగ్లాండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీలో విలియమ్స్, హార్స్ట్ అనే పరిశోధకులు 2014లో మూడేళ్ల పిల్లలతో ఇదే చేసి చూశారు. కొందరికి ఒకే కథ మళ్లీ మళ్లీ, కొందరికి వేర్వేరు కథలు చదివి వినిపించారు. కథల్లో కొత్త మాటలు పెట్టారు. ప్రతి గుంపులోనూ కొందరు కథ వినగానే మధ్యాహ్నం నిద్రపోయారు, కొందరు పోలేదు.

ఒకే కథ విని, వెంటనే నిద్రపోయిన పిల్లలు అందరికంటే బాగా మాటలు నిలుపుకున్నారు. అసలు విషయం వారం తర్వాత తెలిసింది. వేర్వేరు కథలు విని, ఆ మధ్యాహ్నం నిద్రపోని పిల్లలకు తర్వాత ఏడు రాత్రుల నిద్ర దొరికింది కదా, అయినా మిగతా పిల్లల్ని అందుకోలేకపోయారు. నేర్చుకున్న వెంటనే దొరికే నిద్రకు అంత విలువ ఉంది.

ఇంకా చిన్నవాళ్ల సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 9 నుంచి 16 నెలల పిల్లలకు బొమ్మల పేర్లు నేర్పారు. ఒకేలాంటి, కానీ చిన్న చిన్న తేడాలున్న వస్తువుల్ని ఒకే పేరుతో చూపించారు. తర్వాత కునుకు తీసిన పిల్లలు, ముందెన్నడూ చూడని కొత్త వస్తువును చూపించినా అది ఆ పేరు గల జాతిదే అని గుర్తుపట్టారు. మెలకువగా ఉన్నవారికి అది రాలేదు. ఈ ఫలితాలు 2015లో వచ్చాయి. మన ఇంటి పిల్లిని "బిల్లీ" అని నేర్పితే, వీధిలో కనిపించిన వేరే రంగు పిల్లినీ "బిల్లీ" అనడం మనకు చిన్న సంగతి. ఆ పసివాడికి అది పెద్ద మెట్టు. ఆ మెట్టు ఎక్కడానికి కునుకు సాయపడుతోంది.

కాబట్టి అంగన్‌వాడీ, నర్సరీ వయసు పిల్లల్ని "పగలు పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు" అని బలవంతంగా మేల్కొలిపి ఉంచే ముందు కొంచెం ఆలోచించాలి. నాలుగైదేళ్లు దాటాక చాలామంది పిల్లలు పగటి నిద్ర వాళ్లంతట వాళ్లే మానేస్తారు. అప్పుడు బలవంతంగా పడుకోబెట్టాల్సిన పని లేదు.

పెద్దలకూ ఇదే లెక్క

గల్ఫ్ ప్రయాణం కోసం నాలుగు అరబ్బీ మాటలు నేర్చుకునే తమ్ముళ్లు, పిల్లలకు హోమ్‌వర్క్ చెప్పడం కోసం తెలుగు రాయడం నేర్చుకునే తల్లులు మన దగ్గర ఎందరో ఉన్నారు. "ఈ వయసులో బుర్రకెక్కదు" అనేది వాళ్ల నోట తరచూ వినే మాట. ఫ్రాన్స్‌లో 2016లో మజా బృందం చేసిన ప్రయోగం వాళ్ల కోసమే అన్నట్టుంది. పెద్దవాళ్లకు స్వాహిలి భాషలోని 16 మాటలు, వాటి ఫ్రెంచ్ అర్థాలతో నేర్పారు. కొందరు పొద్దున నేర్చుకుని సాయంత్రం మళ్లీ చదివారు. కొందరు రాత్రి నేర్చుకుని, పడుకుని, పొద్దున మళ్లీ చదివారు. మధ్య ఎడం రెండు గుంపులకూ పన్నెండు గంటలే. నిద్రను మధ్యలో పెట్టుకున్నవాళ్లు రెండోసారి చాలా తక్కువ ప్రయత్నాల్లో అన్నీ ఒప్పజెప్పారు. వారం తర్వాత అడిగినా, ఆరు నెలల తర్వాత అడిగినా వాళ్లకే ఎక్కువ గుర్తున్నాయి. కష్టం తగ్గింది, ఫలితం పెరిగింది. ఇంత చవకైన బేరం చదువులో ఇంకోటి ఉందా అనిపిస్తుంది.

జర్మనీలో హైస్కూల్ విద్యార్థులతో 2006లో చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. ఇంగ్లిష్ మాటలు నేర్చుకున్నాక కొన్ని గంటల్లోపే నిద్రపోతే ఎక్కువ గుర్తుంటాయి. నేర్చుకున్నాక రోజంతా తిరిగి అప్పుడు పడుకుంటే ఆ లాభం అంత రాదు.

అలాగని నిద్ర ఒక్కటే చాలని ఎవరూ అనుకోవద్దు. వినని మాట, చదవని మాట నిద్రలో ఊడిపడదు. పదాలు చెవిలో పెట్టుకుని పడుకుంటే పొద్దునకల్లా భాష వచ్చేస్తుందని చెప్పే యాప్‌లు, వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. జ్యూరిక్‌లో ష్రైనర్, రాష్ 2015లో చూపింది అది కాదు. పడుకునే ముందే శ్రద్ధగా నేర్చుకున్న డచ్ మాటల్ని గాఢనిద్రలో చాలా మెల్లగా వినిపిస్తే అవి కొంచెం ఎక్కువ గుర్తున్నాయి. అదీ ల్యాబ్‌లో, నిద్ర చెడకుండా చూసుకుంటూ చేసిన పని. తర్వాత ఇళ్లలో చేసి చూసినప్పుడు, ఆ శబ్దానికి నిద్ర చెదిరినవారికి ప్రయోజనం దక్కలేదు. ఇయర్‌ఫోన్లు తీసేసి పడుకోవడమే మేలు.

శాస్త్రవేత్తల్లోనూ అందరిదీ ఒకే మాట కాదు. కొన్ని పద్ధతుల్లో నేర్పితే నిద్ర లేకుండానే కొత్త మాట పాత మాటలతో పోటీ మొదలుపెట్టిందని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. అంటే నిద్ర లేకుంటే మాట అసలు రాదని కాదు. వచ్చిన మాట గట్టిపడటానికి నిద్ర బాగా తోడ్పడుతుందనే దగ్గర ఎక్కువమంది ఏకీభవిస్తున్నారు.

జవాబ్ నుంచి జవాబు దాకా

మన ఇళ్ల సంగతికి వద్దాం. మన పిల్లల మీద పడే మాటల బరువు మామూలుది కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిషో తెలుగో, సాయంత్రం అరబ్బీ ఖాయిదా. నాలుగు భాషలు, వేర్వేరు లిపులు. ఒకటి కుడి నుంచి ఎడమకు, ఇంకోటి ఎడమ నుంచి కుడికి. ఇంత నేర్చుకునే పిల్లలకు నిద్ర ఎక్కువ కావాలి కానీ, మనమేమో ట్యూషన్లు పెట్టి అదే కోస్తున్నాం.

యార్క్ బృందమే 2015లో ఇంకో ప్రయోగం ప్రచురించింది. ఇందులో 'డాఫొడాట్' లాంటి దొంగ మాటల్ని కథల్లో పెట్టి పిల్లలకు వినిపించారు. ఒక రాత్రి గడిచాక అందరికీ మెరుగైంది కానీ, ముందే ఎక్కువ మాటలు తెలిసిన పిల్లలకు ఎక్కువగా మెరుగైంది. ఖాతా పుస్తకంలో ఇప్పటికే ఆ ఇంటివాళ్ల పేజీ ఉంటే కొత్త పద్దు ఎక్కించడం తేలిక కదా.

దీన్ని మన భాషలకు అన్వయించి చూడండి. ఉర్దూ మాట్లాడే పిల్లకు తెలుగు పుస్తకంలో 'జవాబు' కనిపిస్తే అది కొత్త మాటే కాదు, ఇంట్లో రోజూ వినే 'జవాబ్'. అలాగే కాగజ్ - కాగితం, హక్ - హక్కు, ఖర్చ్ - ఖర్చు, తారీఖ్ - తారీఖు. ఇవి చూడగానే అతుక్కుంటాయి. 'వైశాల్యం' అనే మాటకు అలాంటి చుట్టం ఇంట్లో లేదు. ఉర్దూ మీడియం పిల్లలు దాన్ని 'రఖ్బా' అంటారు. 'బాష్పోత్సేకం' సంగతి సరేసరి. దానికి ఒక్క రాత్రి చాలదు, మూడు నాలుగు రాత్రులు ఇవ్వాలి. మా చెల్లి ఒక్క రాత్రిలో, అదీ నిద్ర కోసి, రప్పించాలని చూసింది.

అందుకే పిల్లలతో ఇంటి భాషలో ఎక్కువ మాట్లాడటం కూడా చదువులో భాగమే. ఉర్దూలో "పత్తా" అంటే ఏమిటో, ఆకు మీద నుంచి నీరు ఆవిరై పోవడం ఏమిటో ముందు ఇంటి మాటల్లో చెప్పండి. అది తెలిశాక దానికి తెలుగు పేరు ఒక చీటీ అతికించినట్టు అతుకుతుంది. అర్థం తెలియని మాటను యాభైసార్లు రాయించడం కంటే అదే మేలు.

మన మదర్సాల్లో ఇందుకు దగ్గరగా ఉండే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. హిఫ్జ్ చేసే పిల్లలు చాలాచోట్ల రేపటి సబక్‌ను ముందు రోజు రాత్రే చూసుకుని పడుకుంటారు. ఫజర్ తర్వాత మళ్లీ చదివి ఉస్తాద్‌కు వినిపిస్తారు. ఆపైన గత కొద్ది రోజుల పాఠం, పాత పారాలు వంతులవారీగా తిరగేస్తారు. రాత్రి చూడటం, పడుకోవడం, పొద్దున మళ్లీ చదవడం. ఫ్రాన్స్ ప్రయోగంలో స్వాహిలి మాటలు నేర్చుకున్నవాళ్లు చేసిందీ ఇదే వరస. అయితే ఈ వరసలో మధ్యనున్న నిద్ర బాగా కుదించుకుపోతే మిగతా రెండింటి కష్టానికి పూర్తి ఫలం దక్కకపోవచ్చు.

ఎంత నిద్ర కావాలి? అమెరికన్ అకాడెమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సలహా ప్రకారం, 24 గంటల్లో, పగటి కునుకుతో కలిపి, ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లకు 10 నుంచి 13 గంటలు కావాలి. ఆరు నుంచి పన్నెండేళ్లకు 9 నుంచి 12, ఆపైన పద్దెనిమిది దాకా 8 నుంచి 10 గంటలు. పెద్దలకు కనీసం ఏడు.

ఇప్పుడు మన రెసిడెన్షియల్ కాలేజీల టైమ్‌టేబుల్ పక్కన పెట్టి చూడండి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, తెల్లవారి ఐదింటికి బెల్లు పెట్టేవి ఉన్నాయి. పదహారేళ్ల పిల్లవాడికి ఆరు గంటలు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో వస్తుంది. స్పిండిల్స్ ఎక్కువగా ఉండే తేలిక నిద్ర, కలల నిద్ర తెల్లవారు వైపు ఎక్కువ. పొద్దున రెండు గంటలు కోస్తే పోయేది అదే. పైగా నిద్ర చాలని మెదడు మర్నాడు కొత్త విషయాన్ని పట్టుకోవడంలోనే వెనకబడుతుంది. ఒక రాత్రంతా మేల్కొన్నవారి హిప్పోక్యాంపస్ సరిగా పనిచేయలేదని 2007లో అమెరికాలో స్కానింగ్‌తో చూపించారు. చిట్టా రాసుకునే చెయ్యే వణికితే ఖాతాకు ఏం ఎక్కుతుంది? అడ్మిషన్ రోజు ర్యాంకుల ఫ్లెక్సీ చూసి మురిసిపోయే బదులు, పిల్లల్ని ఎన్నింటికి పడుకోనిస్తారు అని అడిగే తల్లిదండ్రులు ఉంటే బాగుండు.

మన ఇళ్లలో ఇంకో లెక్క కూడా ఉంది. ఫజర్‌కు లేవాలి కాబట్టి నిద్ర తగ్గక తప్పదు అంటారు. లేచే టైమ్ కదపలేనప్పుడు కదపాల్సింది పడుకునే టైమ్‌ను. ఇషా అయ్యాక కబుర్లు పెట్టుకోకుండా పడుకోవాలని దాదీలు చెప్పేది ఇందుకే పనికొస్తుంది. ఆ గంటను ఇప్పుడు ఫోన్ తినేస్తోంది, పిల్లలది మాత్రమే కాదు, మనదీ. రంజాన్‌లో సహరీకి లేచే పిల్లలకు రాత్రి నిద్ర రెండు ముక్కలవుతుంది. ఆ నెలలో మధ్యాహ్నం కాసేపు ఖైలూలా దొరికేలా చూసి, కష్టమైన కొత్త పాఠాలు ఆ కునుకుకు ముందు పెట్టుకుంటే మంచిది. రాత్రి పొద్దుపోయాక కొత్తవి మొదలుపెట్టొద్దు.

ఒక విషయం మాత్రం డాక్టర్‌కు వదిలేయాలి. పిల్ల రోజూ గట్టిగా గురక పెడుతుంటే, నిద్రలో శ్వాస ఆగి ఆగి వస్తుంటే, ఎన్ని గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే అది మొండితనమూ కాదు, సోమరితనమూ కాదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ వాచి గాలి దారి ఇరుకైనా ఇలా జరుగుతుంది. పిల్లల డాక్టర్‌కో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో చూపించండి.

మా చెల్లికి ఇదంతా చెబితే మొదట నమ్మలేదు. "నువ్వు చిన్నప్పుడు పరీక్షలకు తెల్లవార్లూ చదవలేదా అక్కా?" అంది. చదివాను. అప్పుడు బట్టీ పట్టిన సైన్స్ పదాల్లో ఇప్పుడు ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టుకుంటే ఒక చేతి వేళ్లు చాలు. ఆ మాటే దానితో అన్నాను.

ఇప్పుడు వాళ్లింట్లో కొత్త పదాలు మగ్రిబ్ తర్వాత, అన్నానికి ముందు. రోజుకు ఐదారే. తొమ్మిదిన్నరకు లైటు ఆపేస్తారు. పొద్దున జడ వేస్తూ మా చెల్లి వాటినే అడుగుతుంది, రానివి చెబుతుంది, కోప్పడదు. మొన్న నేను వెళ్లినప్పుడు పిల్ల బూట్ల లేసులు కట్టుకుంటూ "బాష్పోత్సేకం" అని తడుముకోకుండా అంది. "పత్రరంధ్రాలు" మాత్రం ఇంకా "పత్రరంద్రులు" అంటోంది. "అది రేపటికి వస్తుందిలే, పద, బస్సొచ్చింది" అని మా చెల్లి బ్యాగు అందించింది.